సైకిల్ పుల్లకు రాలిన అట్ట

మా బాపు కండ్లు పోతానయన్న ముచ్చట ఆ ఎండాకాలం మొదట్ల ఇద్దరికే ఎరుక. ఆయనకు, నాకు. మూడోదిగ ఒక అట్టముక్కకు ఎరుకైంది. దానికి చెప్పింది నేనే.

అది ఎనభై ఆరు. పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయిపోంగనే హనుమకొండ చౌరస్తాల కిషన్ రావు సార్ టీవీ షాపుల చేరిన. మిద్దెలెక్కి యాంటెన్నాలు కట్టుడు నా పని. ఆడివిల్ల మిద్దెలెక్కుడేందని మా కాశిబుగ్గ గల్లీల శానమంది మూతులు తిప్పిండ్లు. వాళ్ల టీవీల చుక్కలు వడ్డప్పుడు మాత్రం, "అరుణా, జర వచ్చిపో బిడ్డా" అని నన్నే పిలిచిండ్లు.

బాపు పేరు సారంగపాణి. మా వాడల ఆ పేరు పెట్టుకున్నోళ్లు గల్లీకిద్దరుంటరు గని, అట్టల సారంగం అంటే ఒక్కడే. జకార్డు మగ్గం మీద పువ్వు దిగాల్నంటే ముందుగాల గ్రాఫు కాయితం మీద గళ్లు లెక్కపెట్టాలె. ఆ లెక్క ప్రకారం పొడుగు అట్టలకు చిల్లులు కొట్టాలె. చిల్లున్న కాడ పోగు లేస్తది, లేని కాడ లేవది. ఒక్క చిల్లు తప్పిందంటే దుప్పటి మీద ఎన్ని పువ్వులుంటే అన్ని పువ్వులకు అదే తప్పు. ఇరువై ఏండ్లల్ల మా బాపు చిల్లు తప్పిందని ఎవ్వలు అనలే.

ఉగాది ఇంక వారముందనంగ ఒకనాడు పిలిచిండు.

"బిడ్డా, జర గీ గళ్లు చదువు."

"నేనెందుకు బాపు?"

"నువ్వు చదువు, నేను కొడత. పని జల్ది అయితది."

రెండు ఎరుపు, ఒకటి ఖాళీ, నాలుగు ఎరుపు అని చదువుకుంట పోయిన. తెల్లారి మల్ల పిలిచిండు. మూడోనాడు నీళ్ల గిలాస ఇస్తే తాగి, స్టూలు మీద పెడుతాన అనుకొని స్టూలు పక్కకు పెట్టిండు. గిలాస కిందవడి దొర్లింది. ఇద్దరం దాన్నే చూసినం. నేను చూసిన. ఆయన దాని పక్కకు చూసిండు.

"ఎప్పటి సంది?"

"దసరా సంది. సూటిగ చూస్తే మాయమైతది బిడ్డా. పక్కకు చూస్తే కనవడ్డట్టే ఉంటది. నడుమల ఎవరో బూడిద చల్లినట్టు."

"దవాఖానకు పోదాం నడువు."

"ఆగు." గొంతు తగ్గించిండు. వంటింట్ల అమ్మ ఉన్నది. "నర్సయ్య సావుకారి కొత్త డిజైన్ తెప్పిచ్చిండు. మన ఖిల్లల ఉన్న రాతి తోరణం, దాని మీద రెండు హంసలు. మూడు వేల అట్టలు. గసొంటి డిజైన్ నా చేతికి మల్ల రాదు. గదొక్కటి కొట్టి ఇస్త. వానలు వడంగనే నువ్వు ఏడికి రమ్మంటే ఆడికి వస్త. అప్పటిదాంక ఎవ్వలకు చెప్పకు. మీ అమ్మకు గూడ."

"చెప్ప."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ ఒట్టు నేను తప్పలే. అందరికి ఎరుకయ్యేదాంక నోటితోటి ఎవ్వలకు చెప్పలే.

*

కిషన్ రావు సార్ మంచోడే. ఫ్యాన్ కింద కూసోని పేపర్ చదువుకుంట ఆలోచనలు చేసేది. ఒకనాడు పేపర్ మడిచి నా దిక్కు చూసిండు.

"అమ్మా ఇంజినీరు, రోజు ఆరేడిండ్లల్లకు పోతానవ్. ఎవలింట్ల ఏమున్నది, ఏం లేదు అని నీ కండ్లకు కనవడతానే ఉంటది గద?"

"కనవడతది సార్."

"మరి గది ఉత్తగ ఎందుకు పోవాలె?"

గట్ల మొదలైంది లక్కీ డ్రా. బహుమతి టీవీ. చీటీ నింపినోళ్లకే డ్రా. చీటీల పేరు, పత్తా, ఇంట్ల ఎంతమంది, రేడియో ఉన్నదా, ఫ్యాన్ ఉన్నదా, గ్యాస్ పొయ్యి ఉన్నదా. పది రోజులల్ల గోనె సంచి నిండింది. సార్ ఆ సంచి నా ముందట కుమ్మరిచ్చి, "గిండ్ల ఫ్యాన్ లేనోళ్లను తియ్యి, ఎండాకాలం గద, ఫ్యాన్లు కొనుమని కార్డులు రాద్దాం" అన్నడు. నేను, మా షాపుల చీటీలు రాసే గోపాల్ కలిసి పొద్దటి సంది పొద్దుమూకేదాంక ఏరినం. తెల్లారి సార్, "ఇప్పుడు రేడియో ఉన్నోళ్లను తియ్యి" అన్నడు. గోపాల్ ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు యాదికొచ్చింది. కాలేజీ లైబ్రరీల ఒక పాత పుస్తకంల చూసిన. అట్ట అంచు పొడుగున వరుసగ చిల్లులుంటయి. ఒక్కో చిల్లు ఒక్కో ప్రశ్న. జవాబు అవును అయితే ఆ చిల్లు నుంచి అంచుదాంక కత్తెరతోటి గాటు పెట్టాలె. కాదు అయితే ముట్టొద్దు. అట్టలన్ని ఒక్కకాడ పేర్చి, కావాల్సిన చిల్లుల నుంచి ఒక సూది దూర్చి లేపితే, గాటు ఉన్నయి కిందికి రాలుతయి, లేనియి సూదికే ఏలాడుతయి. అంతే.

సార్‌కు చెప్తే, "హైదరాబాద్‌ల గీ పనికి ఏసీ రూముల కంప్యూటర్ పెడుతాండ్లట" అన్నడు.

"మనకు సూది తీర్గ సైకిల్ చక్రం పుల్ల ఒక్కటి సాలు సార్. చిల్లులు కొట్టెటోడు మా ఇంట్లనే ఉన్నడు."

బాపుకు నమూనా అట్ట ఇచ్చిన. అంచు మీద బొటనవేలు నడిపిచ్చుకుంట, "పదారు చిల్లులు, ఒక్కటే వరుస. గింతేనా? గిది కండ్లు మూసుకొని కొడత" అన్నడు. అని, తనే నవ్విండు. నేను గూడ నవ్విన. మల్ల ఇద్దరం ఒక్కసారే బందు చేసినం.

నిజంగనే చూడకుంటనే కొట్టేది. ఇనుప పట్టీ కింద అట్ట పెట్టుడు, వేలుతోటి చిల్లు ఎతుకుడు, పంచు నిలవెట్టుడు, సుత్తె. టక్కు. టక్కు. అమ్మ రెండు గదుల అవతల చాటల బియ్యం ఏరుకుంట, "మీ బాపుకు టీవీ షాపుల నౌకరి దొరికింది" అని నవ్వేది.

"ఏ చిల్లుకు ఏం అర్థం?" అని అడిగిండు బాపు.

"నీకెందుకు బాపు?"

"దేనికి కొడుతాన్ననో ఎరుక లేకుంట ఎట్ల కొట్టాలె?"

చెప్పిన. ఒకటి రేడియో. రెండు ఫ్యాన్. మూడు గ్యాస్ పొయ్యి. నాలుగు కుట్టుమిషన్. ఐదు ఇంట్ల మగ్గం. గట్ల పదారు. ఒక్కసారి ఇన్నడు, మల్ల అడగలే. వెయ్యి గళ్ల డిజైన్ మనసుల పెట్టుకునేటోనికి పదారు ఎంత?

అప్పటికే పదకొండోది కండ్లు. చౌరస్తాల మా పక్క దుకానం చష్మాలది. ఆ చష్మాల సేటు వచ్చి, "కిషన్ రావు సాబ్, టీవీలు మీరు అమ్ముండ్లి, కండ్లు పాడైనోళ్లను మా దిక్కు పంపుండ్లి. గా అట్టల నాకొక్క చిల్లు" అన్నడు. బట్టల దుకానపాయన పెండ్లీడు పిల్లలున్న ఇండ్లకు ఒక చిల్లు అడిగిండు. పాలడబ్బాలు అమ్మెటాయన చంటిపిల్లలున్న, పుట్టవోయే ఇండ్లకు ఒకటి అడిగిండు. మిద్దె మీద జాగ కిరాయికిచ్చినట్టు సార్ చిల్లులు కిరాయికిచ్చిండు.

సార్‌కు చూపెట్టుడానికి మొదటి అట్ట నిజం ఇంటిది కావాలె. ప్రయోగానికి ఉత్తుత్తి లెక్కలు వాడొద్దని మా లెక్చరర్ మేడం నేర్పింది. నేను మంచి స్టూడెంట్‌ను. మా ఇంటిదే నింపిన. పేరు సారంగపాణి. పత్తా, కేరాఫ్ నర్సయ్య సావుకారి, కాశిబుగ్గ. మా గల్లీ ఇండ్లకు నంబర్లు సక్కగ లెవ్వు, అందరి చిట్టీలు సావుకారి అరుగు మీదికే వస్తయి. రేడియో, గాటు. మగ్గం, గాటు. పదకొండో చిల్లు కాడ కత్తెర జరసేపు ఆగింది.

తర్వాత కోసింది.

షాపుల సార్ ముందట సైకిల్ పుల్ల దూర్చి లేపిన. అట్టలు టపటప రాలినయి. సార్ పిల్లలెక్క చప్పట్లు కొట్టిండు. మా ఇంటి అట్ట డబ్బాలకెళ్లి తియ్యాలె అనుకున్న. మల్ల, ఉంటే ఏమైతది, లక్కీ డ్రాల మా పేరుంటది గద, టీవీ వస్తే బాపు చూడకున్నా ఇంటడు గద అనుకున్న. ఉండనిచ్చిన.

*

ఇంటింటికి తిరిగి అట్టలు నింపుడు గూడ నాకే వడ్డది. మిద్దెక్కి దిగిన పిల్లకు జనం ఏమన్న చెప్తరు. చెమటలు కారుకుంట దిగుతవ్, మంచినీళ్లిస్తరు, కూసోమంటరు. ఇంక మొదలువెడతరు.

"రాసుకో బిడ్డా," అన్నది రాజక్క. ఆమె మా పక్క గల్లీనే. "ఫ్యాన్ ఉన్నది గని తిరుగది. మా చిన్నదానికి సంబంధాలు చూస్తానం. పెద్దదానికి నెల తప్పింది, ఇంక ఎవ్వలకు చెప్పలే, నువ్వు గూడ చెప్పకు. మా ఆయనకు షుగర్ ఉన్నది. షుగర్‌కు చిల్లు లేదా?"

"లేదు రాజక్కా."

"గిదేం మిషన్‌నే! షుగర్‌కు లేకపాయె."

ఎవ్వలకు చెప్పకు అనుకుంటనే చెప్పేటోళ్లు. నేను ఎవ్వలకు చెప్పకపోయేది. గాటు పెట్టేది.

ఇంటికి వచ్చినంక బాపుకు గళ్లు చదివేది. హంసల ముక్కుల కాడికి వచ్చినం. ఎండకు నూలు ఎండి తెగుతాంటే మా గల్లీలోళ్లు మగ్గం గుంతలల్ల నీళ్లు చల్లుకుంటాండ్లు. బాపు రోజుకు నూరు అట్టలు కొడుతాండు. సగం అయిపోయినయి. ఒకనాడు నేను చదువుతాంటే ఆపి, "నిన్న నువ్వు చెప్పిన నలభయ్యో వరుసల ఐదు కాదు, ఆరుండాలె. హంస మెడ వంకర పోతది" అన్నడు. చూసిన. ఆరే. నేనే తప్పు చదివిన. కండ్లున్నది నాకు.

*

మే నెల నడుమ సార్ నన్ను నెక్కొండకు పంపిండు. ఆడ స్టేషన్ అవతల ఏడెనిమిదిండ్లకు కొత్త టీవీలు అమ్మినం. నాలుగు రోజులు పొద్దుగాల రైలుకు పోవుడు, మాపటి రైలుకు వచ్చుడు. గా నాలుగు రోజులల్ల గోపాల్ షాపుల ఒక్కడే పుల్ల దూర్చుకుంట కూసున్నడు. చిల్లు చిల్లుకు రాలినయి ఏరి, దుకాన్దార్లు అచ్చు కొట్టించిన కార్డుల మీద పత్తాలు రాసి పోస్టుల ఏసిండు. నేనెట్ల నేర్పిచ్చిన్నో గట్లనే చేసిండు. ఒక్కటి గూడ తప్పు పోలే.

శనివారం నర్సయ్య సావుకారి, నాకు వరుసకు పెదబాపు, ఆయన అరుగు మీద అందరు తయారైన బట్ట అప్పజెప్పి, కొత్త నూలు తీసుకునే దినం. బాపు అప్పటిదాంక కొట్టిన తోరణం అట్టలు కట్టలు కట్టి తీస్కపోతాంటే నేను ఎంట పోయిన. కట్టలు మోసుడు ఒక సాకు. గడప కాడ చెయ్యి పట్టుడు అసలు పని.

పెదబాపు అట్టలు ఎత్తి ఎండకు పట్టి చూసిండు. చిల్లులల్లకెళ్లి ఎలుగు ఆయన మొఖం మీద చుక్కలు చుక్కలు వడ్డది.

"సారంగం, నీ చేతికి దండం పెట్టాలె. తోరణం అట్లనే లేస్తాంది," అన్నడు. మిగిలిన సగం గ్రాఫు చుట్ట తెచ్చి బాపు ముందట పరిచిండు. "గిది పూర్తిచెయ్యి. రాఖీల పండుగకు సరుకు దిగాలె."

"దిగుతది సావుకారి. ఫికర్ చెయ్యకు."

అప్పుడే పోస్టుమన్ రాయమల్లన్న సైకిల్ ఆపిండు. ఆయనకు ఒక అలవాటు. చిట్టీలైతే చేతికిస్తడు, కార్డులైతే అరుగు మీద నిలవడి చదువుతడు. సగం మందికి చదువు రాదు గనుక మొదలైంది, అందరికి ఇష్టం గనుక ఆగలే. ఎవలి బిడ్డకు కొడుకు పుట్టిండు, ఎవలి తమ్ముడు సోలాపూర్ నుంచి వస్తాండు, అన్ని ఆ అరుగు మీదనే తెలిసేది.

"సారంగన్నా, నీకు గూడ ఒక కార్డు. రంగుల అచ్చు. లాటరీ గిట్ల తాకిందా ఏంది?"

అందరు నవ్విండ్లు. బాపు చెయ్యి సాపిండు. రాయమల్లన్న కార్డు ఇయ్యవోయిండు. బాపు చెయ్యి కార్డుకు జానెడు పక్కకు పోయింది. ఎవ్వలు పట్టిచ్చుకోలే. బాపు ఆ చెయ్యిని అట్లనే అట్టల కట్ట మీద పెట్టుకొని, "నా చేతులు ఖాళీ లెవ్వు. నువ్వే చదువు" అన్నడు.

నాకు కార్డు మీద చష్మా బొమ్మ కనవడ్డది. కింద గోపాల్ గుండ్రటి అక్షరాలు కనవడ్డయి. "రాయమల్లన్నా, నాకియ్యి, నేను చదువుత" అన్న. ఆయన అప్పటికే కార్డు ఎత్తి పట్టిండు.

"శ్రీ సారంగపాణి గారికి నమస్కారములు," రాయమల్లన్న మొదలువెట్టిండు. "మీ కంటిచూపు మందగించినదని మాకు తెలియవచ్చినది. చింతించవలదు. ఈ కార్డు తెచ్చినవారికి కంటి పరీక్ష ఉచి..."

ఆగిండు. కార్డు మలిపి వెనక చూసిండు, పత్తా తప్పేమో అని. పత్తా సక్కగనే ఉన్నది.

అరుగు మీద నూలు తూకం పడతాన్న తరాజు ఒక్కటే ఊగుతాంది.

"ఎవడో ఊరందరికి ఏస్తాండు గిసొంటియి," అన్నడు రాయమల్లన్న. "మా ఇంటికి గూడ వచ్చినట్టున్నది."

రాలేదు. ఆయన మంచోడు.

నర్సయ్య పెదబాపు బాపు మొఖం దిక్కు చూసిండు. బాపు ఆయన మొఖం పక్కకు చూస్తాండు, ఏడనో దర్వాజ మీద. పెదబాపు వంగి, బాపు ముందట పరిచిన గ్రాఫు కాయితాన్ని మెల్లగ చుట్టవెట్టిండు. జేబులకెళ్లి నూలుపోగు తీసి కట్టిండు.

"తొందరేం లేదు తియ్యి సారంగం," అన్నడు. "ఎండలు తగ్గనీ."

కాయితం చుట్టే చప్పుడు బాపు ఇన్నడు. చెయ్యి ముందటికి పెట్టి, గ్రాఫు పరిచిన జాగ తడిమిండు. చాప తాకింది.

"అట్లనే సావుకారి," అన్నడు.

*

మేం ఇల్లు చేరకముందే ముచ్చట చేరింది. అమ్మ బాపు కాళ్లకు నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. నేను గిన్నెలు తీస్తాంటే వెనకకొచ్చి నిలవడ్డది.

"నీకు ఎరుకేనా?"

తలకాయ ఊపిన.

"ఎప్పటి సంది?"

"ఉగాది ముందటి సంది."

"నేను ఆయన పక్కలనే ఉంటాన అరుణా," అన్నది. "మీ ఇద్దరికి ఎరుక. చష్మాల దుకానపోనికి ఎరుక. నాకు ఎరుక లేదు." గంతే. ఆ వానకాలం నడిమిదాంక అమ్మ నాతోటి పనున్నంతే మాట్లాడింది.

సోమవారం సార్ దగ్గరికి పోయి, పదకొండో చిల్లు బందువెట్టుమని అడిగిన. జరిగింది చెప్పిన. సార్ నిజంగనే బాధపడ్డడు. పేపర్ పక్కకు పెట్టిండు గూడ.

"అయ్యో. మరి మనం తప్పు రాసినమా అమ్మా?"

"లేదు సార్. నిజమే రాసినం."

"ఫ్రీ పరీక్ష అనే గద పంపిండు?"

"అవును సార్."

"మరి?"

డిప్లొమాల గది చెప్పలే.

బాపును దవాఖానకు తీస్కపోయినం. చష్మాల దుకానానికి కాదు. "గా కార్డు పట్టుకొని నేను పోనా?" అన్నడు బాపు. డాక్టర్ లైట్ ఏసి శానసేపు చూసి, రక్తం పరీక్ష రాసిండు. షుగర్. ఎన్ని ఏండ్ల సంది ఉన్నదో, అది కండ్లకు పాకింది. "రెండు నెలల కింద తీసుకొస్తే హైదరాబాద్‌కు పంపుతుంటిమి, కొంత ఆగేది," అన్నడు. అమ్మ నా దిక్కు చూడలే. చూస్తే మంచిగుండు.

ఎవ్వలకు చెప్పకుంట ఒకటి పాడుచేసిన. చెప్పి ఒకటి పాడుచేసిన. ఏది పెద్దది అని ఇప్పటికి లెక్క తేలది.

తోరణం మిగిలిన సగం అట్టలు సోలాపూర్‌ల కొట్టించుకొచ్చిండ్లు. లక్కీ డ్రా టీవీ రాజక్కకు తాకింది. యాంటెన్నా నేనే కట్టిన. ఆమె పెద్దబిడ్డకు కడుపు నిలవలేదట. పాలడబ్బాల కార్డు గూట్ల అద్దానికి చెక్కి ఉన్నది. నేను చూడనట్టు మిద్దె దిగిన.

*

వానలు వడ్డయి. కిషన్ రావు సార్ రెండో డబ్బా మొదలువెట్టిండు, హనుమకొండ అవతలి కాలనీలకు. కొత్త అట్టలు కావాలె. ఇంట్ల ఇప్పుడు నెల జీతం నాదొక్కదే, వద్దనే దమ్ము నాకు లేకపాయె. బాపుకు చెప్పిన. ఇని చేతులు సాపిండు, "తే" అన్నడు. గా ఒక్క పనికే కండ్లు అక్కరలేదు.

మా ఇంటి అట్టను నేను ఎప్పుడో డబ్బాలకెళ్లి దొంగతనం చేసిన. చింపేద్దామని సంచిల ఏసుకున్న. చింపలే. రోజు ఏసుకొని పోవుడు, రోజు ఏసుకొని వచ్చుడు.

ఒకనాడు మాపటికి వాన దంచుతాంది. బాపు మగ్గం పక్కన కూసోని, "నమూనా అట్ట తెచ్చినవా? పట్టీ జరిగినట్టున్నది" అన్నడు.

"సంచిలున్నది, ఇస్త ఆగు," అని నీళ్లు తెచ్చుడుకు లోపలికి పోయిన.

వచ్చేసరికి సంచి ఆయన ఒళ్లె ఉన్నది. చేతుల ఒక అట్ట. బొటనవేలు అంచు మీద ఎడమ నుంచి కుడికి మెల్లగ పోతాంది.

"రేడియో," అన్నడు. ఏలు ముందటికి పోయింది. "మగ్గం."

నేను గిలాస పట్టుకొని నిలవడ్డ.

ఏలు పోయిపోయి ఒక్కకాడ ఆగింది. వెనకకు వచ్చింది. ముందటికి పోయింది. పోగుల ముడి తాకితే మా బాపు గట్లనే చేస్తడు, మూడుసార్లు.

"పదకొండు," అన్నడు.

చెప్పాలె అనుకున్న. ఏం చెప్పాలె? ఆయనకు అట్ట చదవరాదా?

గాటు అంచును గోరుతోటి గీకి చూసిండు.

"సక్కగ కోసినవ్ బిడ్డా," అన్నడు. "ఏడ వంకర పోలే."

అట్టను నాకు సాపిండు. నేను నిలవడ్డ కాడికి కాదు, జానెడు పక్కకు. నేను జానెడు పక్కకు జరిగి అందుకున్న.

"ఖాళీది ఇయ్యి ఇప్పుడు," అన్నడు, సుత్తె కోసం తడుముకుంట.